సూర్యుడి బొమ్మ అల్లేముందు: బంతి నయమా, బిళ్ల నయమా?

క్రోషేతో సూర్యుడి బొమ్మ చేయాలనుకునేవాళ్లు సాధారణంగా పసుపు దారం తీసి, ఒక బంతి అల్లి, దూది కూరి, మూతి మూసేశాక కిరణాల సంగతి చూస్తారు. అప్పటికి సగం దారులు మూసుకుపోయి ఉంటాయి. చుట్టూ ఎన్ని కుట్లున్నాయో దాన్నిబట్టే ఎన్ని కిరణాలు సమంగా పడతాయో తేలుతుంది. కిరణం ఏ రకమో దాన్నిబట్టే ఒళ్లు బంతిలా ఉండాలా, రెండు బిళ్లలు కలిపినట్టు ఉండాలా అన్నది తేలుతుంది. అందుకే ఈ బొమ్మలో ఎంపిక కిరణాల దగ్గర మొదలుపెట్టాలి. రంగు, కళ్లు, దారం తర్వాతి మాట.

వివరాలన్నీ చదివే ఓపిక లేనివాళ్లకి ముందే చెప్పేస్తే: పిల్లలు ఆడుకునే బొమ్మ అయితే రెండు బిళ్లల ఒళ్లు, అతుకులో ఇరికించిన కోను కిరణాలు, దారంతో కుట్టిన కళ్లు, మామూలు నూలు. అలంకారానికో, తాళాల గుత్తికో అయితే అంచు మీదే అల్లే కిరణాలు చాలు. బంతి సూర్యుడు చూడ్డానికి ముద్దుగా ఉంటాడు కానీ పని ఎక్కువ, కిరణాలు నిలబెట్టడం కష్టం. మొదటి బొమ్మగా దాన్ని ఎంచుకోకపోవడమే మంచిది.

ఇక్కడి లెక్కలన్నీ ఒకే కొలత మీద ఉన్నాయి. డీకే మందం (ఒక మోస్తరు మందం) నూలు, 2.5 మి.మీ. హుక్కు (కొక్కెం ఉన్న క్రోషే సూది), స్పైరల్‌గా సింగిల్ క్రోషే (పొట్టిగా ఉండే మామూలు కుట్టు). స్పైరల్ అంటే రౌండు చివర కలపకుండా చుట్టూ అల్లుకుపోవడం. ఈ కొలతలో ఒక కుట్టు వెడల్పు దాదాపు అర సెంటీమీటరు. ఒక్కో కుట్టుకి సుమారు 3 సెం.మీ. దారం పడుతుంది, చేతి బిగువుని బట్టి కాస్త అటూ ఇటూ. కుట్ల పేర్లు అమెరికా పద్ధతిలో ఉన్నాయి. బ్రిటిష్ ప్యాటర్న్‌లో 'డబుల్ క్రోషే' అని కనిపిస్తే అది ఇక్కడి సింగిల్ క్రోషేనే. ఈ తేడా చూసుకోకుండా అల్లితే కుట్లు పొడవై, సందుల్లోంచి దూది బయటికి చూస్తుంది.

బంతి, బిళ్ల: దారం ఒకటే, బొమ్మ వేరు

బంతికి మ్యాజిక్ రింగ్‌లో (లాగితే బిగిసే దారపు ఉచ్చులో) 6 కుట్లతో మొదలుపెట్టి, రౌండుకి ఆరేసి పెంచుతూ (పెంపు అంటే ఒకే కుట్టులో రెండు కుట్లు వేయడం, తగ్గింపు అంటే రెండు కుట్లని ఒకటి చేయడం) ఆరో రౌండుకి 36 దాకా వెళ్లాలి. 7 నుంచి 12 దాకా ఆరు రౌండ్లు పెంపూ తగ్గింపూ లేకుండా 36 మీదే నడవాలి. తర్వాత రౌండుకి ఆరు తగ్గిస్తూ 30, 24, 18, 12, 6. మొత్తం 432 కుట్లు, వ్యాసం దాదాపు 5.7 సెం.మీ.

బిళ్లకి ఎనిమిది రౌండ్లు, చివరి రౌండులో 48 కుట్లు. ఒక బిళ్లకి 216, రెండింటికీ కలిపి మళ్లీ అదే 432. అంటే రెండిటికీ దారం సుమారు 13 మీటర్లే. కానీ బిళ్ల వ్యాసం 7.6 సెం.మీ. వస్తుంది. అదే దారానికి, అదే సమయానికి ముఖం పెద్దదిగా కనిపించాలంటే బిళ్లదే పైచేయి. దూది కూడా బిళ్లకి తక్కువ.

బంతితో అసలు చిక్కు ముఖం ఎటు చూడాలన్న దగ్గర వస్తుంది. మనిషి బొమ్మ తలకి అలవాటైన పద్ధతిలో రింగ్ నెత్తి మీద, కళ్లు పక్కన పెడతారు. సూర్యుడికి అలా పెడితే కిరణాల వలయం నెత్తి మీదుగా, గడ్డం కిందుగా రౌండ్లని అడ్డంగా కోస్తూ పోవాలి. అక్కడ లెక్కపెట్టుకోవడానికి ఒక వరస అంటూ ఉండదు, కిరణాలు వంకర పోతాయి. కాబట్టి బంతి సూర్యుడికి మ్యాజిక్ రింగే ముఖం మధ్యభాగం కావాలి. ముక్కు ఉండాల్సిన చోట రింగ్, వెనక తల దగ్గర మూసిన మూతి. అప్పుడు 36 కుట్ల నడిమి రౌండు కిరణాలకి సరిగ్గా సరిపోతుంది. ముఖం మధ్యలోనే రింగ్ ఉంటుంది కాబట్టి చిన్న రంధ్రం మిగిలినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, గట్టిగా లాగి బిగించాలి.

బిళ్లకి ఈ గొడవ లేదు. ముఖం సహజంగానే ముందుకి చూస్తుంది, అంచు అంటూ ఒకటి ఉంటుంది, కిరణాలకి అదే గీత. కళ్లూ నవ్వూ ముందు బిళ్ల మీద విడిగా ఉన్నప్పుడే కుట్టేయొచ్చు, ముడులన్నీ లోపలికి పోతాయి.

బిళ్లలో వచ్చే పెద్ద లోపం గుండ్రంగా రాకపోవడం. ప్రతి రౌండులోనూ పెంపులు ఒకదాని నెత్తిన ఒకటి పడితే ఆరు మూలలు తేలి షడ్భుజి అవుతుంది. బంతిలో దూది ఆ మూలల్ని చాలావరకు సర్దేస్తుంది. బిళ్ల అంచు మాత్రం వాటిని దాచదు, కిరణాలు కూడా కొన్ని ముందుకీ కొన్ని వెనక్కీ వచ్చినట్టు కనిపిస్తాయి. రౌండు విడిచి రౌండు పెంపుని పక్కకి జరిపితే ఇది పోతుంది:

1వ రౌండు: రింగ్‌లో 6.
2: ప్రతి కుట్టులో రెండేసి, 12.
3: ఒక మామూలు కుట్టు, ఒక పెంపు, ఆరుసార్లు, 18.
4: 1 మామూలు, పెంపు, 1 మామూలు, ఆరుసార్లు, 24.
5: 3 మామూలు, పెంపు, ఆరుసార్లు, 30.
6: 2 మామూలు, పెంపు, 2 మామూలు, ఆరుసార్లు, 36.
7: 5 మామూలు, పెంపు, ఆరుసార్లు, 42.
8: 3 మామూలు, పెంపు, 3 మామూలు, ఆరుసార్లు, 48.

బిళ్ల గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంటే చేయి మరీ బిగువుగా ఉందనో, ఎక్కడో పెంపు మరిచారనో అర్థం. అంచు అలలు తిరుగుతుంటే దానికి తిరగబడ్డ కారణం. దూది కూరే బొమ్మ కాబట్టి కాస్త గిన్నెలా ఉన్నా ఫర్వాలేదు, పైగా మేలే. అలలు మాత్రం సర్దుకోవు, విప్పక తప్పదు. రెండో బిళ్ల కూడా అదే పద్ధతిలో, అదే దారంతో, అదే హుక్కుతో అల్లాలి. హుక్కు మీద దారం పైనుంచి చుట్టి లాగే పద్ధతికీ, కింద నుంచి పట్టి లాగే పద్ధతికీ కుట్టు సైజులో తేడా ఉంటుంది. ఒక బిళ్ల ఒకలా, ఇంకోటి ఇంకోలా అల్లితే కుట్లు 48 ఉన్నా బిళ్లలు ఒకదానికొకటి సరిపోవు.

రౌండు చివర ఎత్తు లేకుండా కలిపే కుట్టు, అంటే స్లిప్ స్టిచ్‌తో కలుపుతూ పోతే ముఖం మీద వాలుగా ఒక గీత పడుతుంది. స్పైరల్‌లో ఆ గీత ఉండదు. చివర మాత్రం ఒక మెట్టు మిగులుతుంది, ఒక స్లిప్ స్టిచ్ వేసి తెంపితే సర్దుకుంటుంది. ప్రతి రౌండు మొదటి కుట్టులో మార్కర్ (గుర్తుకి తగిలించే క్లిప్పు) పెట్టడం మానొద్దు.

కిరణాలు: నాలుగు దారులు

అంచు మీదే చిప్పల్లా అల్లడం అన్నిటికన్నా తేలిక. రెండు బిళ్లల్ని లోపలి వైపులు ఎదురెదురుగా ఉండేలా పెట్టి, రెండు పొరల్లోంచీ 48 సింగిల్ క్రోషేలతో కలపాలి. మూసేముందు దూది పెట్టాలి. ఆపైన కిరణాల రౌండు: ఒక కుట్టులో స్లిప్ స్టిచ్, ఒకటి వదిలి, తర్వాతి కుట్టులో ఒక హాఫ్ డబుల్, ఒక డబుల్ (ఇవి సింగిల్ కన్నా వరసగా పొడవైన కుట్లు), రెండు గొలుసులు (గొలుసు కుట్లు), ఒక డబుల్, ఒక హాఫ్ డబుల్, మళ్లీ ఒకటి వదలాలి. కిరణానికి నాలుగు కుట్లు, మొత్తం 12 కిరణాలు. మధ్యలోని రెండు గొలుసులే మొన తెస్తాయి. అవి లేకపోతే సూర్యుడు కాస్తా పువ్వు అయిపోతాడు. విడిగా కుట్టే పని లేదు, కొసలు రెండే మిగులుతాయి. పొట్టిగా, మెత్తగా ఉంటాయి కాబట్టి పసిపిల్లలకి ఇబ్బంది లేదు.

మొన ఇంకా పదునుగా కావాలంటే గొలుసు మీద కిరణం కట్టొచ్చు. 6 గొలుసులు వేసి, హుక్కు నుంచి రెండో గొలుసులో స్లిప్ స్టిచ్, తర్వాత వరసగా సింగిల్, హాఫ్ డబుల్, డబుల్, ట్రెబుల్ (డబుల్ కన్నా పొడవైన కుట్టు). అంచు మీద మూడు కుట్లు వదిలి నాలుగోదాంట్లో స్లిప్ స్టిచ్. ఇది కూడా కిరణానికి నాలుగు కుట్లే, 12 కిరణాలే. చూపుకి ఇదే ఎక్కువ సూర్యుడిలా ఉంటుంది. దీని బలహీనత ఒంటి పొర కావడం. మొనలు మెలితిరిగి వెనక్కి ముడుచుకుంటాయి. నూలైతే తడిపి, గుండుసూదులతో పరిచి ఆరబెడితే కొన్నాళ్లు నిలుస్తాయి, ఉతికితే మళ్లీ మొదటికే వస్తాయి. గొలుసుకి ఒక పోగులోకి కాకుండా వెనకవైపు గుబ్బలాంటి పోగులోకి హుక్కు దించితే అంచు రెండువైపులా ఒకేలా వచ్చి మెలి కొంత తగ్గుతుంది.

ఈ రెండు పద్ధతుల్లోనూ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే. బిళ్లలు కలపడానికి విడి రౌండు ఎందుకులే అని, కిరణాలు అల్లుతూనే రెండు పొరల్నీ కలిపేస్తారు. కిరణం కింద వదిలేసిన కుట్లన్నీ తెరిచే ఉంటాయి కదా, కిరణానికొక కిటికీ! వాటిలోంచి దూది నెమ్మదిగా బయటికి వస్తుంది. ముందు 48 కుట్ల రౌండుతో పూర్తిగా మూయాలి, ఆ రౌండు నెత్తి మీదే కిరణాలు కట్టాలి.

మూడోది, విడిగా అల్లే కోను. రింగ్‌లో 4 కుట్లు. రెండో రౌండు ఒక మామూలు, ఒక పెంపు రెండుసార్లు, 6 అవుతాయి. మూడో రౌండు రెండు మామూలు, ఒక పెంపు రెండుసార్లు, 8 అవుతాయి. నాలుగో రౌండు మార్పు లేకుండా 8. కిరణానికి 26 కుట్లు, పొడవు దాదాపు 2 సెం.మీ. అడుగుని అదిమితే ఎనిమిది కుట్లు నాలుగు జతలై 2 సెం.మీ. వెడల్పు అవుతుంది. ఇంత సన్నని కోను మొదటి రెండు రౌండ్లలో తనంతట తనే లోపలివైపు బయటికి తిరిగిపోతుంది. హుక్కు వెనక కొసతో తోసి సరిచేసుకోవాలి, లేకపోతే కొన్ని కిరణాల మీద కుట్ల తీరు వేరుగా కనిపిస్తుంది. లోపల దూది అవసరం లేదు. రెండు పొరలే దాన్ని నిలబెడతాయి, దూది పెడితే అడుగు అదమడం కష్టమవుతుంది.

ఈ కోనుని ఒంటికి ఎలా తగిలిస్తామన్నదే బొమ్మ ఆయుష్షుని నిర్ణయిస్తుంది. బంతికైతే సూదితో కుట్టడమే దారి. 36 కుట్ల నడిమి రౌండు మీద నాలుగేసి కుట్ల కిరణాలు 9 పడతాయి. ఎనిమిదే కావాలని పట్టుబడితే నాలుగు కుట్లు మిగులుతాయి, ఆ సందుల్ని ఎక్కడ సర్దినా తెలిసిపోతుంది. 9 కిరణాలంటే 234 కుట్లు, ఒళ్లు అల్లిన పనిలో సగం పైన. దాని మీద తొమ్మిది సార్లు సూదిపని, ఒక్కోదానికి 20 సెం.మీ. కొస వదలాలి. కుట్టేటప్పుడు అడుగుని రెండువైపులా, అంటే ముందుపొరనీ వెనకపొరనీ బంతికి పట్టాలి. ఒకవైపే కుడితే కిరణం ఆ వైపుకి వాలిపోతుంది. బంతి మీద కిరణాలు తలో దిక్కు చూడటానికి కారణం ఎక్కువసార్లు ఇదే.

సూదిపని తప్పించుకోవడానికి బంతి నడిమి రౌండుని వెనక పోగుల్లోనే (కుట్టు నెత్తి మీది రెండు పోగుల్లో వెనకదాంట్లో) అల్లి, మిగిలిన 36 ముందు పోగుల మీద కిరణాలు కట్టే పద్ధతి ఒకటుంది. పని త్వరగా అవుతుంది. కానీ ఒక్క పోగు మీద నిలబడ్డ కిరణం వాడగా వాడగా వదులై వాలుతుంది. అల్మారాలో ఉండే బొమ్మకి సరిపోతుంది, పిల్లాడు చెవి పట్టుకున్నట్టు పట్టుకుని తిరిగే బొమ్మకి సరిపోదు.

బిళ్లకైతే కోనుల్ని అతుకులోనే ఇరికించొచ్చు. ఈ బొమ్మకి ఇంతకన్నా గట్టి పద్ధతి లేదు. ముందు బిళ్ల మనవైపు ఉండేలా పట్టుకుని, మొదటి కుట్టు రెండు బిళ్లల్లోంచే. తర్వాతి నాలుగు కుట్లకి అదిమిన కోను అడుగుని రెండు బిళ్లల మధ్య పెట్టి, ముందు బిళ్ల, కోను రెండు పొరలు, వెనక బిళ్ల ఇలా నాలుగు పొరల్లోంచీ హుక్కు దించాలి. ఆరో కుట్టు మళ్లీ రెండు బిళ్లల్లోంచే. ఆరేసి కుట్ల చొప్పున ఎనిమిదిసార్లు చేస్తే 48 సరిగ్గా పూర్తవుతాయి, 8 కిరణాలు సమదూరంలో పడతాయి. ఆరు కిరణాలు అయ్యాక ఆగాలి. అప్పటికి 12 కుట్లు మిగులుతాయి, దాదాపు 6 సెం.మీ. సందు. దూది పెట్టేది అప్పుడే. హుక్కు మీది పోగుని మార్కర్‌కి తగిలించి పని చేసుకోండి.

నాలుగు పొరల్లోంచి హుక్కు దించడం చేతికి శ్రమే. బిగువుగా అల్లే అలవాటున్నవాళ్లు కోను నాలుగో రౌండుని మాత్రం 3 మి.మీ. హుక్కుతో అల్లుకుంటే సులువవుతుంది. అదీ కష్టమైతే కోను బదులు ఒంటిపొర త్రిభుజం పెట్టొచ్చు. 5 గొలుసులు వేసి, 4 సింగిల్ క్రోషేలు, తర్వాత వరసకి ఒకటి తగ్గిస్తూ 3, 2, 1. కుట్లు పదే, అతుకులో మూడు పొరలే. కాస్త ముడుచుకుంటుంది, అంతే తేడా. అతుకు రౌండుని ఒంటి రంగుతో అల్లితే గట్టు ముఖంలో కలిసిపోతుంది, కిరణాల రంగుతో అల్లితే ముఖం చుట్టూ గీసినట్టు కనిపిస్తుంది. పసుపు మీద నారింజ గీత బాగుంటుంది కానీ కుట్లు ఎగుడుదిగుడుగా ఉంటే అది దాచదు. చేయి ఇంకా కుదరనివాళ్లు ఒంటి రంగే వాడటం మేలు.

నాలుగోది మెలికల కిరణం. 12 గొలుసులు వేసి రెండోదాన్నుంచి ప్రతి గొలుసులో మూడేసి సింగిల్ క్రోషేలు వేస్తే దానంతట అదే స్ప్రింగులా చుట్టుకుంటుంది. సరదాగా ఉంటుంది, కిరణానికి 33 కుట్లు తింటుంది, వేలాడుతుంది. గోడకి తగిలించేదానికి తప్ప ఎంచుకోవడానికి పెద్ద కారణం కనపడదు.

దారం

మామూలు నూలు ఈ బొమ్మకి మొదటి ఎంపిక. పెద్దగా సాగదు కాబట్టి బిళ్ల ఆకారం నిలుస్తుంది, కుట్లు విడివిడిగా కనిపిస్తాయి కాబట్టి లెక్క తప్పదు. మెరిసే మెర్సరైజ్డ్ నూలు రంగు ఇంకా బాగుంటుంది కానీ జారుడు ఎక్కువ. దానితో మ్యాజిక్ రింగ్ వేస్తే కొసని రింగ్ వెనక ఒక దిక్కుకి, మళ్లీ వెనక్కి ఎదురుదిక్కుకి కుట్టి బంధించాలి. లేకపోతే దూది ఒత్తిడికి ముఖం మధ్యలో రంధ్రం తెరుచుకుంటుంది. నూలుతో ఉన్న ఇబ్బంది వేళ్ల నొప్పి, పోగులు విడిపోవడం.

యాక్రిలిక్ ఊలు చేతికి మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. వాడకంలో పైన ఉండలు కడుతుంది. సాగుతుంది కాబట్టి దూది కాస్త ఎక్కువైనా కుట్ల మధ్య తెల్లగా కనిపిస్తుంది, అందుకే హుక్కు ఇంకో పావు మిల్లీమీటరు తగ్గించాలి. కిరణాలు పరవడానికి ఇస్త్రీపెట్టె దగ్గరికి తీసుకెళ్లొద్దు. వేడికి యాక్రిలిక్ చచ్చుబడి వేలాడిపోతుంది, మళ్లీ బాగుకాదు. నూలూ యాక్రిలిక్ కలిపిన దారం ఈ రెంటికీ మధ్యస్తంగా ఉంటుంది. నూలు వేళ్లకి పడనివాళ్లకి అది చక్కని రాజీ.

వెల్వెట్ దారం సూర్యుడు ముట్టుకుంటే వదలబుద్ధి కాదు. మందం ఎక్కువ కాబట్టి బొమ్మ పెద్దదవుతుంది, త్వరగానూ అవుతుంది. కానీ కుట్లు కళ్లకి కనపడవు, వేలితో తడిమి లెక్కపెట్టాలి. విప్పితే పీచు రాలి లోపలి దారం బయటపడుతుంది, కాబట్టి తప్పు చేస్తే దిద్దుకునే అవకాశం తక్కువ. మ్యాజిక్ రింగ్ బిగించబోతే కొస తెగిపోవడం మామూలే. రెండు గొలుసులు వేసి రెండోదాంట్లో 6 కుట్లతో మొదలుపెట్టడం మంచిది, మిగిలే చిన్న రంధ్రాన్ని పీచు కప్పేస్తుంది. అతుకులో నాలుగు పొరలు ఇరికించడం ఈ దారంతో దాదాపు కుదరని పని. చిప్పల కిరణాలతో సరిపెట్టుకోండి.

లేబుల్ మీద రాసిన హుక్కు సైజు దుస్తులకి ఉద్దేశించింది. బొమ్మలకి దానికన్నా 1 నుంచి 1.5 మి.మీ. చిన్నది తీసుకోవాలి. మూడు రౌండ్లు అల్లి వేలిమీద లాగి పట్టుకుని చూడండి. వేలి చర్మం సందుల్లోంచి స్పష్టంగా కనిపిస్తే హుక్కు ఇంకా పెద్దదే.

బిళ్ల సూర్యుడికి ఇరికించిన కోనులతో కలిపి మొత్తం 688 కుట్లు, అంటే సుమారు 21 మీటర్లు. 50 గ్రాముల డీకే నూలు ఉండలో సాధారణంగా 100 మీటర్ల పైనే ఉంటుంది కాబట్టి బొమ్మకి 10 గ్రాములు పడుతుంది. ఎనిమిది కోనులకి 6 మీటర్ల పైచిలుకు, వేరే పనిలో మిగిలిపోయిన నారింజ ముక్క సరిపోతుంది. అయితే ఆ ముక్క ఒంటి దారంతో ఒకే మందం ఉండాలి. పలచనైతే కోను అడుగు నాలుగు కుట్లకి చాలదు. ఎరుపు, ముదురు నారింజ నూలు రంగు వదిలే రకమేమో ముందే చూసుకోవాలి. తడిపిన తెల్లగుడ్డలో గట్టిగా నలిపితే తెలిసిపోతుంది. పసుపు ముఖం మీద ఎర్రమరక పడ్డాక చేయగలిగిందేమీ లేదు.

కళ్లు, నవ్వు

ప్లాస్టిక్ సేఫ్టీ కళ్లకి (కాడ గుచ్చి వెనక వాషర్ నొక్కి బిగించే కళ్లకి) పేరులోనే భద్రత ఉంది కానీ, అల్లిక గుడ్డ కాదు. కుట్టు సాగితే వెనక వాషర్‌తో సహా కన్ను ఊడి రావచ్చు. మూడేళ్లలోపు పిల్లలకి వెళ్లే బొమ్మకి కళ్లు దారంతో కుట్టడమే సరైనది, ఇందులో బేరం లేదు. ఆ వయసు బొమ్మల్లో చిన్న భాగాల్ని పరీక్షించడానికి వాడే గొట్టం వ్యాసం 31.7 మి.మీ. అందులో పూర్తిగా పట్టే ముక్క ఏదైనా గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే. కన్ను సరే, ఊడిపోయిన 2 సెం.మీ. కోను కిరణం కూడా అందులో పట్టేస్తుంది. ఇరికించిన కిరణానికి ఇంత విలువ ఇవ్వడానికి కారణం ఇదే. ఏడాదిలోపు పసివాళ్లకి ఏ దూది బొమ్మనైనా నిద్రపోయే చోట ఉంచకూడదు, ఎంత గట్టిగా అల్లినా సరే.

పెద్దపిల్లలకీ అలంకారానికీ 6 మి.మీ. సేఫ్టీ కళ్లు ఈ సైజుకి సరిపోతాయి. వాషర్ ఒకసారి బిగిశాక వెనక్కి రాదు, కాబట్టి ముందు కళ్లు గుచ్చి, బిళ్లని దూరంగా పెట్టి చూసి, ఆ తర్వాతే వాషర్ నొక్కండి. బిళ్ల పలచన కాబట్టి కన్ను కాడ వెనక బిళ్లకి తగిలి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. కాడ వెనక ఒక ముద్ద దూది ఎక్కువ పెట్టాలి.

మూడో, నాలుగో రౌండ్ల మధ్య, రింగ్‌కి అటూ ఇటూ పెడితే కళ్ల మధ్య దాదాపు 3 సెం.మీ. దూరం వస్తుంది. ముఖం పసిగా కనిపించాలంటే కళ్లని రింగ్ గీతకన్నా ఒక కుట్టు కిందికి దించండి. దారంతో కుట్టే నిద్రకళ్లకి కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్) చాలు, నవ్వుకీ అదే. నల్లదారం కొసల్ని లోపల ఒక కన్ను నుంచి ఇంకో కన్నుకి అడ్డంగా లాగొద్దు. లేత పసుపులోంచి అవి నీడలా కనిపిస్తాయి. కన్ను కన్నుకీ విడిగా ముడి వేసి దగ్గరే తెంపాలి. బుగ్గలకి గులాబీ దారంతో రెండు మూడు అడ్డ కుట్లు వేస్తే ఉతికినా పోవు. పైన అద్దే రంగులు చాలావరకు ఉతికితే నిలవవు.

దూది, చిన్న సైజు, ఉతుకు

పాలిస్టర్ దూది వాడండి. పత్తి దూది ఉతికితే గడ్డకట్టి ఒక మూలకి చేరుతుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది. తెగిన దారపు ముక్కలు నింపితే బరువెక్కి, ఉండలు తేలి, పసుపులోంచి రంగులు కనిపిస్తాయి. బంతికి పది గ్రాముల లోపే పడుతుంది, గట్టిగానే కూరాలి. బిళ్లకి మాత్రం చేయి బిగపట్టుకోవాలి. రెండున్నర, మూడు సెంటీమీటర్ల మందం దాటితే బిళ్ల వ్యాసం తగ్గి, అంచు ముడతలు పడి, కిరణాలు ముందుకీ వెనక్కీ తిరుగుతాయి. బాగా ఉబ్బిన బొమ్మే కావాలంటే వెనక బిళ్లకి 48 మీద పెంపు లేకుండా ఒకటో రెండో రౌండ్లు అదనంగా అల్లండి. మందానికి చోటు దొరుకుతుంది, కిరణాలు నిటారుగానే ఉంటాయి.

బంతి మూతి మూసే రౌండ్లలో తగ్గింపుని రెండు కుట్ల ముందు పోగుల్లోంచి మాత్రమే తీస్తే గుంటలు పడవు. ఇక్కడ మూతి వెనకే ఉంటుంది కాబట్టి మామూలు తగ్గింపు వేసినా కొంప మునగదు.

తాళాల గుత్తికి ఐదు రౌండ్లకే ఆగాలి. 30 కుట్లు, దాదాపు 4.8 సెం.మీ. ఈ సైజులో కోనులు మొరటుగా కనిపిస్తాయి. 4 గొలుసులు వేసి స్లిప్, సింగిల్, హాఫ్ డబుల్ అల్లి, అంచు మీద రెండు కుట్లు వదిలి మూడోదాంట్లో స్లిప్ స్టిచ్ వేస్తే 10 పొట్టి కిరణాలు పడతాయి. గుత్తి తగిలించే రింగుని కిరణానికి కాకుండా రెండు బిళ్లలు కలిపిన రౌండుకి పట్టించాలి. కిరణానికి తగిలిస్తే తాళాల బరువుకి అది సాగి, మిగతా తొమ్మిదింటికన్నా పొడవైపోతుంది.

ఉతికేటప్పుడు చల్లటి నీళ్లలో చేత్తో నొక్కి, మెలితిప్పకుండా తువ్వాల్లో చుట్టి అదమాలి. ఎండ తగిలేకొద్దీ పసుపు వెలుస్తుంది, సూర్యుడి బొమ్మకి ఎండ పడకపోవడం విడ్డూరమే గానీ నీడలోనే ఆరబెట్టాలి. పైన పొడిగా ఉన్నా మధ్యలో తడి మిగిలి ఉంటుంది. బొమ్మని రెండు అరచేతుల మధ్య గట్టిగా అదిమినప్పుడు చల్లగా తగిలితే ఇంకా ఆరలేదని. అలాగే పెట్టెలో పెడితే లోపలి దూదికి ముక్కిపోయిన వాసన పట్టేస్తుంది.